ములుగు – ఏటూరునాగారం అడవి దారి: చెరువులు చూస్తూ బొగత దాకా రెండు రోజుల్లో ఎలా వెళ్ళాలి?

ప్రశ్న – ఓరుగల్లువాసి

అందరికీ నమస్కారం. అక్టోబరు మొదటి పక్షంలో మా అమ్మానాన్నలను వెంటబెట్టుకొని హనుమకొండ నుంచి ములుగు, పస్రా, తాడ్వాయి, ఏటూరునాగారం మీదుగా సాగి, గోదావరి మీది ముళ్ళకట్ట వంతెన దాటి, బొగత జలపాతం వరకు సొంత కారులో వెళ్ళాలని అనుకుంటున్నాము. హైదరాబాదు నుంచి ఛత్తీస్‌గఢ్‌లోని భోపాలపట్నం వరకు పోయే ఈ 163వ నంబరు జాతీయ రహదారిని మా నాన్నగారి తరం వారు ఇప్పటికీ పాత నంబరుతో 202 అనే పిలుస్తారు. ఆయన ఉద్యోగరీత్యా ఏటూరునాగారం వైపు తిరిగిన రోజుల్లో చూసిన అడవిని మళ్ళీ ఒకసారి చూడాలని కోరుకుంటున్నారు. ఆయన కోరికే ఈ ప్రయాణానికి కారణం.

నాకు కొన్ని సందేహాలు ఉన్నాయి. రామప్ప, లక్నవరం, పాకాల అనే మూడు పెద్ద చెరువులూ ఈ దారికి అటూ ఇటూ ఉన్నాయి కనుక, రెండు రోజుల వ్యవధిలో వేటిని ఉంచుకోవాలో, వేటిని వదులుకోవాలో తెలియడం లేదు. పస్రా దాటిన తరువాత వచ్చే అడవి భాగాన్ని ఏ వేళలో దాటితే మంచిది? అక్టోబరులో వాగుల పరిస్థితి ఎలా ఉంటుంది? నాన్నగారికి మోకాళ్ళ నొప్పులు ఉన్నాయి, ఎక్కువ మెట్లు దిగలేరు. దయచేసి ఆ సంగతిని కూడా దృష్టిలో పెట్టుకొని చెప్పండి. చాలామంది తెల్లవారుజామున బయలుదేరి, ఎక్కడా ఆగకుండా బొగతకు చేరి, ఫొటోలు తీసుకొని రాత్రికల్లా ఇల్లు చేరుతున్నారు. మాకు ఆ విధమైన ప్రయాణం వద్దు. దారిని చూస్తూ వెళ్ళాలన్నదే మా ఉద్దేశం.

సమాధానం – తూములెక్క

ఓరుగల్లువాసి గారికి నమస్కారం. నీటిపారుదల శాఖలో పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని కనుక చెరువుల సంగతి నేను చెబుతాను. అడవి సంగతి, వాగుల సంగతి అక్కడే ఉండేవారు చెప్పడం మేలు.

ముందుగా పాకాలను ఈ ప్రయాణం నుంచి తప్పించండి. అది నర్సంపేట వైపున ఉంది. చుట్టూ అభయారణ్యం ఉన్న ఆ చెరువు దేనికీ తీసిపోదు. అయితే ములుగు దారి నుంచి అటు తిరిగి మళ్ళీ వెనక్కు రావడానికి సగం రోజు పోతుంది. దానికోసం హనుమకొండ నుంచి వేరుగా ఒక ఆదివారం పెట్టుకోండి. ఈ రెండు రోజులకు రామప్ప, లక్నవరం చాలు. నా దృష్టిలో ఈ రెండింటినీ ఒకదాని వెంట ఒకటి చూడడం వల్ల కాకతీయుల కాలపు నీటి పని ఎంత ఆలోచనతో సాగిందో కళ్ళకు కడుతుంది.

ములుగు దాటిన తరువాత జంగాలపల్లి క్రాస్ రోడ్డు దగ్గర ఎడమ వైపు తిరిగితే వెంకటాపూర్ మీదుగా పాలంపేట చేరుతారు. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రుద్రేశ్వరాలయమే మనం రామప్ప గుడి అని పిలుచుకునేది. 2021 జూలైలో దీనికి యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు లభించింది. నీటిలో వేస్తే తేలేటంత తేలికైన ఇటుకలతో శిఖరం కట్టారని, పునాదిని ఇసుకతో నింపిన గొయ్యి మీద నిలిపారని అందరూ విని ఉంటారు. నేను మీకు చెప్పదలచినది వేరొక మాట. పొద్దున్నే వెళ్ళండి. గుడి గోడలు ఎర్రని ఇసుకరాతివి, చూరు కింద ఏటవాలుగా నిలబడిన మదనికలు, అంటే స్త్రీ బొమ్మలు మాత్రం నల్లరాతివి. ఏటవాలు ఎండ పడినప్పుడు ఆ నల్లరాతి నునుపు మీద వెలుగు జారుతుంటే, మెడలోని హారం బొమ్మ ఒంటి మీద వేసిన నీడ కూడా వేరుగా కనిపిస్తుంది. ఎండ నడినెత్తికి వచ్చాక అవన్నీ చూరు నీడలోకి పోయి ఒకే ముద్దగా కనబడతాయి. రాతి పరుపు కాళ్ళకు కాలకముందే మీ నాన్నగారు చుట్టూ తిరిగి రావడానికి కూడా పొద్దుటి వేళే అనుకూలం.

గుడి చూసినవారిలో చాలామంది అక్కడినుంచే వెనక్కు తిరుగుతారు. ఆ పని మీరు చేయకండి. కూతవేటు దూరంలోనే రామప్ప చెరువు ఉంది. గుడి కట్టించినవాడే చెరువునూ కట్టించాడు, రెండూ ఒకే ఆలోచనలోని భాగాలు. కట్ట మీద నిలబడితే ఒక పక్క గుట్టల వరకు పరచుకున్న నీరు, మరొక పక్క తూము కింద మొదలయ్యే వరి మడులు కనిపిస్తాయి. అక్టోబరు మొదట్లో ఆ మడులు పొట్ట దశలో ఉంటాయి. ఎనిమిది వందల ఏళ్ళ కిందటి కట్ట నేటికీ ఆయకట్టుకు నీరు ఇస్తున్నదంటే, దానికి పైనున్న అడవికి కూడా వాటా ఉంది. గుట్టల మీద చెట్లు నిలిచి ఉన్నంతకాలం వాననీటితో కొట్టుకువచ్చే మన్ను తక్కువ. మన్ను తక్కువైతే చెరువు పూడదు. మైదానంలో ఉన్న అనేక చెరువులు పూడిక తీస్తే తప్ప నిలవని స్థితికి వచ్చి, 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద మరమ్మతులకు నోచుకోవలసి వచ్చింది. అడవి అంచున ఉన్న ఈ చెరువులకు ఆ బెడద అంతగా రాకపోవడానికి పైనున్న చెట్లే ముఖ్యకారణమని నా ఉద్దేశం. ఇప్పుడు దేవాదుల ఎత్తిపోతల పథకం ద్వారా గోదావరి నీటిని కూడా రామప్పకు చేర్చే ఏర్పాటు ఉంది.

లక్నవరం మరొక రకం పని. గోవిందరావుపేట మండలంలోని బుస్సాపూర్ దగ్గర లోపలికి తిరగాలి. గుట్టలన్నీ సహజంగానే ఒక గిన్నె ఆకారంలో నిలబడి ఉంటే, వాటి మధ్యనున్న ఇరుకైన సందులను మాత్రమే చిన్న చిన్న కట్టలతో మూసి అంత నీటిని ఆపారు. ఎక్కడ తక్కువ మట్టి పోస్తే ఎక్కువ నీరు నిలుస్తుందో లెవెలింగు పరికరాలు లేని కాలంలో గుర్తించిన ఆ కన్ను గురించి తలచుకున్నప్పుడల్లా నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. నీటి మధ్య మిగిలిపోయిన గుట్టల కొనలే ఇప్పుడు మనం చూసే దీవులు. దీవికి వేసిన వేలాడే వంతెన నడిచేటప్పుడు ఊగుతుంది. మోకాళ్ళ నొప్పి ఉన్నవారు జనం తక్కువగా ఉన్నప్పుడు మాత్రమే, పక్కనున్న తాడు పట్టుకొని మెల్లగా నడవాలి. సెలవు రోజు మధ్యాహ్నం ఆ వంతెన మీదికి వారిని తీసుకువెళ్ళవద్దు. పర్యాటక శాఖ వారి వసతి అక్కడే ఉంది కనుక, ముందుగా గది తీసుకొని మొదటి రోజు రాత్రి అక్కడే ఉండండి. చెరువు నిండి మత్తడి (నిండిన నీరు పొర్లిపోయే అలుగు) పోస్తున్న సంవత్సరమైతే ఆ మత్తడి చూడకుండా రాకండి.

సమాధానం – గోదారిఒడ్డు

నేను ఏటూరునాగారంలో ఉపాధ్యాయుడిని. తూములెక్క గారు చెప్పిన మొదటి రోజు ఏర్పాటుతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. రెండవ రోజు పొద్దున లక్నవరంలో బయలుదేరితే అడవి భాగం మీకు సరిగ్గా పొద్దుటి పూట దొరుకుతుంది, అదే దానికి తగిన వేళ.

పస్రా దాటగానే దారి స్వభావం మారుతుంది. అక్కడివరకు ఊళ్ళ మధ్య, పొలాల మధ్య సాగిన రహదారి తాడ్వాయి వరకు, ఆపైన ఏటూరునాగారం దగ్గరికి వచ్చేవరకు ఎక్కువ భాగం దట్టమైన అడవిలోనే నడుస్తుంది. 1950ల తొలినాళ్ళలో, హైదరాబాదు రాష్ట్రం ఉన్నప్పుడే ప్రకటించిన ఏటూరునాగారం అభయారణ్యం ఇది. విస్తీర్ణం సుమారు 800 చదరపు కిలోమీటర్లు. టేకు, మద్ది, ఏగిస, ఇప్ప, వెదురు ఇక్కడి ముఖ్యమైన చెట్లు. వానాకాలంలో టేకుచెట్ల తలలు తెల్లని పూత పట్టి ఉంటాయి, అక్టోబరుకు ఆ పూత కాయలవుతూ ఉంటుంది. మీ నాన్నగారు వేసవిలో చూసి ఉంటే ఆకు రాలిన అడవిని చూసి ఉంటారు. ఇప్పుడు చూడబోయేది దానికి పూర్తిగా భిన్నంగా ఉంటుంది.

పొద్దుగూకిన తరువాత ఈ భాగంలో ప్రయాణించవద్దని గట్టిగా చెబుతాను. దొంగల భయం గురించి నేను ఈ మాట అనడం లేదు. రెండు వరుసల దారి, మలుపులు ఉన్నాయి, ఎదురుగా బరువైన లారీలు వస్తాయి, పశువులు రాత్రి వెచ్చదనం కోసం తారు మీదే పడుకుంటాయి, అడవి జంతువులు దారి దాటుతాయి. ఫోను సిగ్నల్ అందని చోట్లు కూడా ఉన్నాయి, బండి ఆగిపోతే కబురు చెప్పడం కష్టమవుతుంది. ఇంధనం ములుగులోనే నింపుకోండి.

ఇక వాగుల సంగతి. ఇది కొంచెం వివరంగా చెప్పవలసిన విషయం. 2023 జూలైలో వెంకటాపూర్ మండలంలోని లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. తెలంగాణలో ఒక్క రోజులో అంత వాన అంతకు ముందు నమోదు కాలేదు. రామప్ప గుడికి దగ్గరలోని ఊరు అది. ఆ వానకు పస్రా, తాడ్వాయి మధ్య జలగలంచ వాగు దగ్గర దారి దెబ్బతింది. జంపన్నవాగు పొంగి మా మండలంలోని కొండాయి గ్రామాన్ని ముంచెత్తినప్పుడు పలువురు ప్రాణాలు కోల్పోయారు. అదే సమయంలో గోదావరి అవతలి ఒడ్డునున్న వెంకటాపురం మండలంలోని ముత్యాలధార జలపాతం చూడడానికి వెళ్ళినవారు వాగు దాటలేక రాత్రంతా అడవిలో చిక్కుకుపోయారు, సహాయక బృందాలు వెళ్ళి వారిని బయటికి తీసుకువచ్చాయి.

ఇక్కడి వాగులకు ఒక లక్షణం ఉంది. మీరు నిలబడిన చోట ఎండ కాస్తున్నా, ఎగువన గుట్టల్లో కురిసిన వాన కొంతసేపటికి ఇక్కడికి చేరుతుంది. నీరు రంగు మారి ఎర్రబడడం, ఆకులూ పుల్లలూ ఒక్కసారిగా కొట్టుకురావడం కనిపిస్తే పైన వాన పడిందని అర్థం. గోదావరి నిండుగా ఉన్న రోజుల్లో వాగు నీరు నదిలో కలవడానికి దారి లేక వెనక్కు ఎగదన్నుతుంది. అప్పుడు వాన లేకపోయినా లోతట్టు దారులు మునుగుతాయి. వంతెన మీద నుంచి నీరు పారుతున్నప్పుడు ఎంత తక్కువ లోతుగా కనిపించినా బండి దించకూడదు, ఎందుకంటే నీటి కింద తారు ఉన్నదో కోసుకుపోయిందో పైనుంచి తెలియదు.

అక్టోబరు మొదటి పక్షం సాధారణంగా మంచి కాలమే. వానలు తగ్గి, చెరువులు నిండుగా ఉండి, జలపాతంలో నీరు బాగా ఉండే రోజులు అవి. అయినా అక్టోబరు అని పూర్తిగా నమ్మడానికి వీలులేదు. 2025లో అదే నెల చివర మొంథా తుపాను వచ్చి హనుమకొండ, వరంగల్ నగరాలను ఎలా ముంచిందో మీరు చూసే ఉంటారు. బయలుదేరే ముందు రోజు వాతావరణ శాఖ హెచ్చరికలు చూసుకోండి. బంగాళాఖాతంలో అల్పపీడనం ఉందంటే ప్రయాణాన్ని ఒక వారం వెనక్కు జరపండి.

ఏటూరునాగారం తరువాత ముళ్ళకట్ట వంతెన వస్తుంది. 2016లో ఇది తెరుచుకునే వరకు అవతలి ఒడ్డునున్న వాజేడు, వెంకటాపురం మండలాలకు పడవ ఎక్కాలి, లేదా భద్రాచలం వరకు దిగి చుట్టూ తిరిగి రావాలి. మా బడిలో చదువుకున్న అవతలి ఒడ్డు పిల్లలు గోదావరి పెరిగితే ఇంటికి వెళ్ళలేక హాస్టల్లోనే ఉండిపోయేవారు. మీ నాన్నగారికి ఆ పడవల కాలం గుర్తుండే ఉంటుంది. వంతెన మీద ఆయనకు నదిని చూపించండి. అయితే బండిని వంతెన మధ్యలో ఆపకుండా, దాటిన తరువాత ఒక పక్కన నిలిపి చూపించండి.

బొగత దగ్గర వాహనం నిలిపిన చోటునుంచి కొంత నడవాలి, కొన్ని మెట్లు కూడా ఉన్నాయి. జలపాతం ఎదురుగా నిలిచి చూసేవరకు పెద్దవారు నిదానంగా వెళ్ళగలరు. ఉధృతి ఎక్కువగా ఉన్నప్పుడు నీటిలోకి దిగనివ్వరు. ఆ నియమాన్ని తప్పించుకొని బండల మీదికి వెళ్ళేవారిని చూసి మీరు వెళ్ళవద్దు. పాచి పట్టిన బండ మీద కాలు జారితే కింద సుడిగుండాలు ఉంటాయి.

సమాధానం – ఇప్పచెట్టునీడ

మాది తాడ్వాయి మండలం, మేము కోయలము. పై ఇద్దరూ చెప్పినవాటికి కొన్ని మాటలు కలపాలని అనిపించింది. దారిని చూస్తూ వెళ్ళాలని మీరు రాసిన వాక్యం నాకు సంతోషం కలిగించింది.

ములుగుకు ముందు గట్టమ్మ తల్లి గుడి వస్తుంది. మేడారం వెళ్ళేవారు అక్కడ ఆగి, కొబ్బరికాయ కొట్టి, ఆ తరువాతే ముందుకు సాగడం ఆచారం. మీరు మేడారం వెళ్ళకపోయినా ఒక నిమిషం ఆగండి. మేడారానికి ఈ రహదారి నుంచి రెండు దారులు చీలుతాయి, ఒకటి పస్రా దగ్గర, మరొకటి తాడ్వాయి దగ్గర. జాతర రెండేళ్ళకు ఒకసారి మాఘ మాసంలో జరుగుతుంది. మొన్నటిది 2026 జనవరి చివర అయింది కనుక మీరు వచ్చే అక్టోబరులో ఆ రద్దీ ఉండదు. జాతర సంవత్సరంలో అయితే నెలల ముందు నుంచే ఆదివారాల్లో ఈ దారి బండ్లతో నిండిపోతుంది. చిలకలగుట్ట నుంచి సమ్మక్కను, కన్నెపల్లి నుంచి సారలమ్మను గద్దెకు తెచ్చే ఆ నాలుగు రోజులు తప్ప మిగిలిన కాలంలో గద్దెల దగ్గర ప్రశాంతంగా నిలబడి మొక్కుకోవచ్చు. సమయం ఉంటే వెళ్ళిరండి.

తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో ఒక చోట చెట్లు వేర్లతో సహా ఒకే వైపు పడిపోయిన ప్రదేశం ఉంది. 2024 ఆగస్టు 31 సాయంత్రం వచ్చిన పెనుగాలికి వందల ఎకరాల్లో చెట్లు కూలాయి. యాభై వేలకు పైగా పడిపోయాయని అప్పట్లో అటవీ అధికారులు చెప్పారు. ఊళ్ళ మీద ఆ గాలి పడకపోవడం సమ్మక్క తల్లి దయ అని మా పెద్దలు నమ్ముతారు. పడిపోయిన చోట ఇప్పుడు వెలుగు నేలను తాకుతున్నది కనుక కొత్త మొలకలు వస్తున్నాయి. వాటిని పశువుల నుంచి, మంటల నుంచి కాపాడితే అడవి మళ్ళీ నిలబడుతుందని నాకు గట్టి నమ్మకం ఉంది.

దారి పక్కన కోతులకు అరటిపండ్లు, బిస్కెట్లు వేయవద్దని చేతులు జోడించి అడుగుతున్నాను. పుణ్యమనుకొని వేసేవారి వల్లే అవి అడవిలో కాయలు వెదకడం మానేసి రోజంతా తారు మీద కూర్చుంటున్నాయి, బండ్ల కింద పడి చనిపోతున్నాయి, సాయంత్రం మా ఇళ్ళ కప్పులు పీకుతున్నాయి. నీళ్ళ సీసాలు, ప్లాస్టిక్ సంచులు మీ బండిలోనే ఉంచుకొని ఏటూరునాగారంలో పడేయండి. వాగు ఒడ్డున వదిలినదంతా మొదటి వానకే మా పొలాల్లోకి వస్తుంది.

మీరు వచ్చే రోజులు సీతాఫలాల కాలం. అడవిలో తెంపుకొచ్చిన కాయలను మా ఆడవాళ్ళు గంపల్లో పెట్టుకొని దారి పక్కన కూర్చుంటారు. కళ్ళు విచ్చి, గీతల మధ్య పసుపు లేదా గులాబీ రంగు తేలిన కాయలను ఎంచుకోండి. కళ్ళు మూసుకొని పూర్తిగా పచ్చగా ఉన్నవి పండవు, నల్లబడిపోతాయి. దయచేసి ఎక్కువ బేరం చేయకండి. ఆ గంప నిండడానికి తెల్లవారకముందే గుట్ట ఎక్కి ఉంటారు.

మీ నాన్నగారికి ఇప్పపూల కాలం చూడాలని ఉంటే మరొకసారి మార్చి, ఏప్రిల్ నెలల్లో రండి. పూలు రాత్రి చివరి జాములో రాలుతాయి. తెల్లవారేసరికి చెట్టు కింద మీగడ రంగు పూలు పరచుకొని ఉంటాయి, వాటి తీపి వాసన దారి వరకు వస్తుంది. ఎలుగుబంట్లు కూడా వాటికోసమే వస్తాయి కనుక మేము ఒంటరిగా వెళ్ళము. తాడ్వాయి దగ్గర దామరవాయి గుట్టల మీద పాతకాలపు రాతి సమాధులు ఉన్నాయి, వాటిని రాక్షస గూళ్ళు అంటారు. అక్కడికి ఎక్కి వెళ్ళడం మీ నాన్నగారికి వీలుపడదు. పైగా తోడు లేకుండా ఎవరూ వెళ్ళకూడదు.

ఓరుగల్లువాసి

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. పాకాలను వేరే రోజుకు పెట్టుకుంటాము. మొదటి రోజు గట్టమ్మ, రామప్ప గుడి, రామప్ప చెరువు చూసి, లక్నవరంలో రాత్రి బస చేస్తాము. నాన్నగారికి ఈ సమాధానాలన్నీ చదివి వినిపించాను. ముళ్ళకట్ట దగ్గర పడవ ఎక్కించే ముందు సైకిళ్ళను వరుసగా పడుకోబెట్టేవారని ఆయన గుర్తు చేసుకున్నారు. ఒక్క సందేహం మిగిలింది. రెండవ రోజు బొగత చూసిన తరువాత మళ్ళీ అదే అడవి దారిలో వెనక్కు రావాలా, లేక ఏటూరునాగారం నుంచి మంగపేట వైపు దిగి మల్లూరు హేమాచల నరసింహస్వామి దర్శనం చేసుకోవచ్చా? అమ్మకు ఆ కోరిక ఉంది.

సమాధానం – గోదారిఒడ్డు

మంగపేట దారి గోదావరికి సమీపంగా సాగుతుంది, వెళ్ళదగినదే. అయితే స్వామి గుట్ట మీద ఉన్నాడు, ఎక్కడం తప్పదు. నాన్నగారు కింద ఆగవలసి రావచ్చు. పైగా దర్శనం చేసుకొని తిరిగి హనుమకొండ చేరాలంటే అడవి భాగం చీకట్లో దాటవలసి వస్తుంది, అది వద్దని ముందే చెప్పాను. అందుచేత అమ్మగారి కోరిక తీర్చాలనుకుంటే మూడవ రోజు కలుపుకొని, రెండవ రాత్రి ఏటూరునాగారంలో ఉండండి, లేదా మల్లూరును మరొక ప్రయాణానికి ఉంచండి. రెండు రోజులే ఉంటే బొగత నుంచి మధ్యాహ్నం రెండు గంటలలోపు బయలుదేరండి. ఏటూరునాగారంలో భోజనం చేసి వచ్చినా పొద్దు ఉండగానే పస్రా దాటుతారు.